ఒక్కతే ఉంటది

మా మేనత్త పోయింది. పోయిన వారం ఆఫీసుకు ట్రంకుకాల్ వస్తే, ఎవరిదో అనుకుంట ఫోను ఎత్తిన. అవతల మా తమ్ముడు. “అక్కా, పొద్దెక్కినా అత్తమ్మ లేవలేదు. పోయి లేపితే ఏమున్నది... నువ్వొచ్చేదాక ఆపుడు కాదంటున్నరు” అన్నడు. ఇంకేమో గూడ అన్నడు, లైనుల గరగరకు వినవడలేదు. ఫోను కట్టయినంక గూడ నేను “హలో, హలో” అనుకుంటనే ఉన్న.

సెలవు కోసం మా మేనేజర్ దగ్గరికి పోయిన. ఎవరు పోయిన్రని ఇంగ్లీషుల అడిగిండు. ఆ భాషల మేనత్తకు వేరే మాట లేదాయె. “ఆంట్” అన్న. “ఓ, ఆంటీ” అన్నడు. పక్కింటామె ఆంటీనే, క్యాంటీన్ల టోకెన్లిచ్చేటామె ఆంటీనే. మనిషి మంచోడే పాపం, సెలవైతే ఇచ్చిండు. నేను వరంగల్ల దిగేసరికి అన్నీ అయిపోయినయి.

బొంబాయిల నాకు తెలిసినోళ్ళు శానమంది ఉన్నరు, అత్తను చూసినోళ్ళు ఒక్కరు లేరు. వరంగల్ల ఆమెను చూసినోళ్ళు మస్తుమంది, కాని వాళ్ళంత వంటింట్లనే చూసిన్రు. కంప్యూటర్ కంపెనీల వరండాలల్ల కూసున్న అత్తను చూసింది నేనొక్కదాన్నే. ఆ అత్త సంగతి నేను ఎవరితోని చెప్పుకోవాలె? అందుకే మీతోని చెప్పుకుంటున్న.

మా బాపుకు బజార్ల ఇత్తడి సామాన్ల దుకాణం. అత్త బాపుకు అక్క. పెండ్లయిన కొన్నేండ్లకే మామ పోతే పుట్టింటికొచ్చింది. వచ్చిన తెల్లారి పొయ్యి అంటువెట్టిందట, ఇగ ఆ పొయ్యి ఆమెనే పట్టుకున్నది. అందరికంటె ముందు లేచుడు, అందరు పండినంక పండుడు. చదువు రాదు. కాని ఇంటిదాక వచ్చే దుకాణం గిరాకీలతోని మాట్లాడి మాట్లాడి ఉర్దూ మాత్రం దంచికొట్టేది.

నేను ఇంజనీరింగుల చేరినప్పుడు కాలేజిల కంప్యూటరంటే ఒక పెద్ద గది. దానికి మనం చెప్పాల్సిందంత అట్టలకు బొక్కలు కొట్టి చెప్పాలె. పాతవడ్డ అట్టలు ఇంటికి తెస్తే అత్త పచ్చడి జాడీల మీద మూతలు పెట్టేది. “నాలుగేండ్లు గీ బొక్కల అట్టల కోసమా బిడ్డా? పోనీ, పనికైతే వస్తున్నయి” అనేది.

చదువు అయినంక హైదరాబాదు నుంచి ఇంటర్వ్యూలకు పిలుపులు రావట్టె. ఆడపిల్ల ఒక్కతే పోవద్దని బాపు, దుకాణం విడిచిపెట్టి తాను రాలేనని బాపే. “నేను పోత తియ్” అన్నది అత్త, పిండి చేతులు కడుక్కోకుంటనే. లోకం ఆమె నాకు తోడనుకున్నది. నిజం చెప్పాల్నంటె నేనే ఆమెకు తోడు. టికెట్ తీసుడు నేనే, బోర్డులు చదువుడు నేనే. ఆమె జీవితంల ఎన్నడు యాడికి ఒక్కతే పోయింది లేదు.

కంపెనీ వరండాల సోఫాలుంటే అత్త నేల మీదనే కూసునేది. కూసున్న జర సేపటికే సర్వపిండి డబ్బ మూత తీసేది. టైలు కట్టుకోని, చెమటలు పట్టి, ఇంగ్లీషు నెమరేసుకుంట కూసున్న పోరగాళ్ళను “ఏ ఊరు బిడ్డా? పొద్దుగాల ఏమన్న తిన్నవా?” అని అడిగేది. మొదట సిగ్గుపడేటోళ్ళు, తర్వాత డబ్బ ఖాళీ చేసేటోళ్ళు. వాళ్ళందరికి కొలువు రావాలని మొక్కేది.

“అత్తా, ఉన్నయే రెండు ఉద్యోగాలు! నువ్వెవరి దిక్కు?” అని నేను గునిగితే, “మొదటిది నీది. రెండోది ఆ బక్క పోరనిది. కడుపునొస్తాందట పాపం” అన్నది.

నాకు భయమైతాందంటే ఆమెకు సమజయ్యేది కాదు. “అడిగేటోడు తెల్వకనే అడుగుతడు బిడ్డా. తెలిస్తే ఎందుకడుగుతడు? జర నిమ్మళంగ చెప్పు, పాపం” అనేది. బల్లకు అవతల కూసున్న సార్లకు ఏమీ తెల్వదని, నేను పోయి చెప్పాలని ఆమె నమ్మకం. నవ్వొచ్చేది. ఆ నవ్వుతోనే లోపలికి పోయేదాన్ని, భయం సగం తగ్గేది.

తగ్గితే ఏమాయె, కొలువైతే రాలేదు. ఒక కంపెనీల ఫోర్ట్రాన్ తెలుసా అనడిగితే, మనం ‘వస్తది’ అంటం గద, గదే ఇంగ్లీషుల “కమ్స్ సర్” అన్న. ఇంకోకాడ, తొమ్మిది బిళ్ళలల్ల ఒకటి తేలిక, తక్కెడల ఎన్ని తూకాలకు దొరుకుతదని అడిగిన్రు. మూడన్న. రెండు చాలు గదా, మూడోదెందుకన్నరు. ఖాళీ తక్కెడ సరిగ నిలుస్తదా లేదా, ముందు పాసంగం చూడాలె సర్ అన్న. దుకాణపోళ్ళ పిల్లను, నాకది లెక్కలనే ఉంటది మరి. సార్లు ముగ్గురు పగలవడి నవ్విన్రు. రెండు అని చెప్పినోనికి కొలువిచ్చిన్రు.

అత్తకు చెప్తే మొఖం ఎర్రగైంది. “తక్కెడ చూడకుంటనే తూస్తరా? గసొంటి దుకాణంల చేరకుండుడే మంచిదాయె. నడువ్.”

వచ్చేటప్పుడు రైల్ల మేము ఒక గది కట్టుకునేది. కొలువొచ్చినంక హైదరాబాదుల కిరాయికి తీసుకునే గది. ఒక కిటికీ, ఒక కిరసనాయిలు స్టవ్వు, రెండు చాపలు. నేను ఆఫీసుకు పోతే అత్త ఏం చేస్తదో రఘునాథపల్లి దాటేదాక చెప్పుకునేటోళ్ళం. ఒకసారి ఆమె గొంతు తగ్గించి, ఎవరన్న వింటరేమో అన్నట్టు అన్నది: “ఒక్క పూట నన్ను లేపకు బిడ్డా. పొద్దెక్కినంక లేస్త. ఎట్లుంటదో చూడాలె.” మొన్న ఫోనుల తమ్ముని మాట విన్నప్పుడు నాకు ముందుగాల గుర్తొచ్చింది గిదే. ఆఫీసుల అందరి ముంగట ఏడ్చిన.

ఇట్ల రెండేండ్లు తిరిగినం. ఇగ బాపు చెప్పేసిండు, “ఇదే ఆఖరు. ఈసారి రాకపోతే దుకాణం లెక్కలు రాసుకుంట ఇంట్ల కూసో.” ఆ ఆఖరుది బొంబాయి కంపెనీది. మస్తు పెద్ద కంపెనీ, హైదరాబాదుకొచ్చి మనుషులను తీసుకుంటాన్రు. రాత పరీక్షల గట్టెక్కిన. లోపల ఫ్లోచార్టు గీయమంటే గీసిన, తప్పు వెతకమంటే వెతికిన. సార్లు ఒకరి మొఖం ఒకరు చూసుకోని తలలు ఊపుకున్నరు. వచ్చేసిందిరా అనుకున్న.

అప్పుడు నడుమ కూసున్న పెద్ద సారు పెన్ను కింద పెట్టి అడిగిండు. ఉద్యోగం బొంబాయిల, కంపెనీ హాస్టల్ల ఒక మనిషికి ఒక మంచం. ఒప్పుకున్న ఆడపిల్లలను ఇంటోళ్ళు తీరా పంపుతలేరు. నువ్వొస్తవా?

“మా అత్త తోడొస్తది సర్” అన్న, చప్పున.

అట్ల కుదరదన్నడు. ఒక్కదానివే ఉంటవా అన్నడు. నేను తలుపు దిక్కు చూసిన. వరండాల ఎవరున్నరో పిలువమన్నడు.

అత్త చెప్పులు బయట విడిచొచ్చింది. కుర్చీ చూపిస్తే కూసోలే. పెద్ద సారు ఉర్దూల, మర్యాదగనే, మొత్తం చెప్పిండు. బొంబాయి. హాస్టలు. ఒక మంచం. తోడు ఎవరూ ఉండొద్దు. ఈ పిల్ల ఒక్కతే ఉండగలదా?

అత్త నా దిక్కు చూసింది. ఆమెకు సమజైంది. నాకు తెలుసు, ఎందుకంటే ఆమె కొంగు సవరించుకున్నది, బాపు కోపం చేసినప్పుడు చేసినట్టు. కిటికీ, స్టవ్వు, రెండు చాపలు, అన్నీ ఆమెకు ఆ సార్ల ముంగట నిలవడ్డకాడనే పోయినయి. “అకేలీచ్ రహతీ సాబ్” అన్నది. మళ్ళ నాకు వినవడాల్నని తెలుగుల అన్నది, “ఒక్కతే ఉంటది. నేను మాటిస్తున్న.”

పెద్ద సారు పెన్ను తీసుకున్నడు.

రైల్ల ఆ రోజు గది ముచ్చట లేదు. నేను ఏడుస్తాంటే పల్లీలు వొలిచి నా చేతుల పెట్టుకుంట కూసున్నది. “ఎందుకన్నవత్తా? నాకొద్దీ కొలువు. నువ్వేం చేస్తవ్ మరి?” అన్న.

“ఆయనకు తెల్వక అడిగిండు. నాకు తెలిసింది చెప్పిన. కొలువొస్తే ఏడుస్తరా ఎవరన్న? తిను.”

బొంబాయిల ఉన్నంక, హాస్టలు విడిచి సొంతంగ గది తీసుకున్నంక, ప్రతి సెలవుకు పోయి బతిమాలిన. నా గదికి కిటికీ గూడ ఉన్నది. రానంటె రానన్నది. “నేనొస్తే నా మాట అబద్ధమైతది. ఒక్కతే ఉంటదని చెప్పిన గద ఆ సారుకు.” ఆ సారు కంపెనీ మారిండు అత్తా అంటే, “ఆయన కంపెనీ మారితే నా మాట మారుతదా?” అన్నది. మా అమ్మకు మోకాళ్ళు నొస్తున్నయి, వంట ఎవరు చేస్తరని రాలేదో, నిజంగనే మాట కోసం రాలేదో, నాకిప్పటికీ తెల్వదు. ఆమె చెప్పింది మాత్రం నిజమైంది. నేను ఒక్కదాన్నే ఉన్న. ఉద్యోగం మంచిగున్నది, గది మంచిగున్నది. పొద్దుగాల నన్ను లేపేటోళ్ళు లేరు. ఐతారం నాడు ఎవరితోని మాట్లాడకుంటనే పొద్దుగూకుతది.

నేను మొదటిసారి బొంబాయికి బయలెల్లిన నాడు అందరు వరంగల్ స్టేషనుకు వచ్చిన్రు. బండి కదిలేముందు అత్త ఎక్కి నా పక్కన కూసున్నది. “ఏయ్, యాడికే అక్కా?” అని బాపు కింది నుంచి ఒర్రుతాండు. “కాజీపేట దాకనే” అన్నది. కాజీపేటంటే పక్క స్టేషనే. ఆ నాడు ఆమె ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టిన్రట. యాడ తిరిగినవే అని అందరు అడిగితే, “కాజీపేట మంచిగున్నది” అన్నదట, అంతే.

కాజీపేటల దిగి నా కిటికీ కాడ నిలవడ్డది. బండి కదిలినంక నాకు తట్టింది, ఆమెకు వాపసు పోవుడు తెల్వదని. “అత్తా! వరంగల్ బండి అవతలి దిక్కు! ఎవరినన్న అడుగు!” అని ఒర్రిన. వినవడలేదో ఏమో, ఫికర్ చెయ్యకు అన్నట్టు చెయ్యి ఊపింది. కిటికీల నుంచి మెడ బయటికి పెట్టి చూస్తనే ఉన్న. ఒక కూలీని ఆపి ఏదో అడుగుతాంది. అతను వంతెన దిక్కు చెయ్యి చూపించిండు. అత్త కొంగు నడుముకు చెక్కుకోని మెట్లెక్కుడు మొదలువెట్టింది. సగం మెట్ల కాడ ఆగింది. నా బండి దిక్కు చూడలేదు, అవతల వరుసగ ఉన్న పట్టాలను చూస్తాంది, ఏది ఇంటికి పోతదో అన్నట్టు. జర సేపు గట్లనే నిలవడి, మళ్ళ ఎక్కింది.