ఎలుకలు కొరకలేని పైపు

పోలేరమ్మ గురించి రాసేవాళ్లెవరైనా ముందు స్త్రీశక్తి అని ఒక దండ, తర్వాత పల్లె మేధస్సు అని ఇంకో దండ వేసి ఫొటోకు నిలబెడతారు. ఆమెకు దండలతో పనిలేదు. ఆ వారం ఆమెకు కావలసింది మూడడుగుల డీజిల్ పైపు, గాలి దూరనిది.

ఊరు సీతారామపురం మండలంలో, బస్సు రోజుకు రెండుసార్లు వస్తే గొప్ప. వయసు నలభై ఆరు. మొగుడు పెంచలనరసయ్య గొర్రెల వెంట పోతాడు, ఈమె పాత పికప్ బండి తోలుతుంది. ఊళ్లోని పదీ పన్నెండిళ్ల గొర్రెలు శనివారం ఆత్మకూరు సంతకు చేరేది ఆ బండిలోనే. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గింది. ఆ సంగతి దాచదు, గొప్పగానూ చెప్పదు.

బండికున్న జబ్బు ఎలుకలు. తెల్లారకముందే గొర్రెల్ని ఎక్కించాలి గనక బండి దొడ్డి పక్కనే నిలపాలి. దొడ్డి పక్కనే మేతకు నూనె తీసిన చెనక్కాయ చెక్క బస్తాలుంటాయి. ఎలుకలు చెక్కతో కడుపు నింపుకొని, పళ్లు గీరుకోవడానికి బండి కిందికి వస్తాయి. ట్యాంకు నుంచి ఫిల్టరుకు పోయే రబ్బరు పైపు వాటికి మహా ఇష్టం. ఆరు నెలల్లో మూడు పైపులు పోయినాయి. బొక్క ఎంత సన్నమంటే డీజిల్ కారదు. ఇంజను డీజిల్ లాగినప్పుడు మాత్రం గాలి దూరుతుంది, ఇంజను ఆగిపోతుంది.

మూడోసారి ఆగింది మర్రిపాడు దగ్గర, వెనకాల నారాయణయ్య పొట్టేళ్లతో. ఊళ్లో పెద్ద మంద ఆయనది. సంతకు చేరేసరికి కొనేవాళ్లు వెళ్లిపోయినారు. పొట్టేళ్లు ఎక్కినవి ఎక్కినట్టే ఇంటికొచ్చినాయి.

"పోలేరమ్మా, నీ మీద కోపం లేదు నాకు," అన్నాడు నారాయణయ్య. "వచ్చే శనివారం కూడా దోవలో నిలిపినావంటే మాత్రం దుత్తలూరు పికప్‌కు చెప్పేస్తా. మిగతావాళ్లు నా వెంటే వస్తారు, నీకు తెలుసు గదా."

బెదిరించినట్టు కూడా అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది. గొర్రెలు ఎక్కకపోతే ఆ బండి ఆమెకు ఇనుము.

సోమవారం బస్సెక్కి ఆత్మకూరు పోయి, ప్రసన్నకుమార్ స్పేర్ పార్టుల షాపులో కొరికిన పైపు బల్ల మీద పడేసింది.

"కొత్త రబ్బరు పైపు కొయ్యమంటావా అక్కా?"

"మళ్లా ఎలుకలకా? నేనేమన్నా వాటికి హోటలు పెట్టినానా?"

అతను నవ్వి పై అరలోంచి ఒక చుట్ట దించాడు. లోపల రబ్బరు, పైన స్టీలు తీగ జడలా అల్లిన పైపు. ఎవరో కారు సోకుగాడు తెప్పించమని చెప్పి మళ్లా రాలేదట. మిగిలింది మూడడుగుల నాలుగంగుళాలు.

"చివర్లకు ఫిట్టింగులు నెల్లూరులో మిషను మీద నొక్కించాల. తిరిగొచ్చేసరికి ఆదివారం అవుతాది."

"శనివారం సంత. ఇంకో దోవ చెప్పు."

"చేత్తో బిగించే రకం ఉండాది. ఇద్దరు తీసకపోయినారు, ఇద్దరూ తిరిగి తెచ్చినారు."

"ఎందుకు?"

"చేతగాక."

"వాళ్లకు సంత లేదులే. ఇటియ్యి."

అతను ఓపిగ్గా చెప్పాడు. కోసేచోట టేపు బిగించి చుట్టి, టేపు మీదే కొయ్యాలి. ఫిట్టింగులో రెండు ముక్కలు. బయటి గొట్టం లోపల మరలు ఎడమకు ఉంటాయి, కాబట్టి పైపును దాంట్లోకి ఎడమకు తిప్పుతూ ఎక్కించాలి. ఎక్కినాక గొట్టం అంచు దగ్గర పైపు మీద గీత పెట్టుకోవాలి. తర్వాత రెండో ముక్కకు, అంటే పైపు బొక్కలోకి దూరే సన్నటి నిపుల్‌కు, నూనె రాసి కుడికి బిగించాలి. గీత బయటికి జరిగిందంటే పైపు వెనక్కి వచ్చినట్టు. ఇక మొదటికే.

మంగళవారం టేపు చుట్టింది గానీ, ఇనుము కోసే ఆక్సా బ్లేడు మొండిదైందని కొడవలితో కోసింది. తీగలు చీపురులా విచ్చుకున్నాయి, వేళ్లలో గుచ్చుకున్నాయి. ఒకటిన్నర అంగుళం పోయింది. కొత్త బ్లేడు కోసం ఉదయగిరి పోయి వచ్చింది. ఈసారి కోత వెన్నలా వచ్చింది. పైపు గొట్టంలోకి సగం దాకా ఎక్కి నిలిచింది. అయినా నిపుల్ బిగించింది. గీత జరిగింది. విప్పి చూస్తే లోపలి రబ్బరు నలిగిపోయి ఉంది. ఇంకో ఒకటిన్నర అంగుళం.

బుధవారం మళ్లీ అంతే, ఈసారి రెండంగుళాలు. అప్పటికి మొత్తం అయిదంగుళాలు చెత్తబుట్టలో ఉన్నాయి. మూడడుగులు కావలసినచోట ఒక అంగుళం తక్కువ. పెంచలనరసయ్య గడప మీద కూర్చొని చూస్తున్నాడు.

"ఏమే, పైపు ఎక్కిస్తుండావా, పలుపు పేనుతుండావా?"

"నోరు మూసుకొని కూర్చో."

"మూసుకుంటాలే. నీ చెయ్యి చూసుకో ముందు. ఎడమకు ఒక చుట్టు తిప్పుతావు, పట్టు మార్చేటప్పుడు కుడికి ఒక మెలి పెడతావు. జనపనార గదా అది, బిగువు రావాలని!"

ఆమె చేతుల కేసి చూసుకుంది. నిజమే. ఊహ తెలిసినప్పటినుంచి గొర్రెలకు పలుపులు పేనిన చేతులు అవి. ఎక్కించిందాన్ని అవే వెనక్కి లాగుతున్నాయి. వెంటనే నిలబడింది.

"ఇట్రా. ఊరికే ఎగతాళి చేసేదానికన్నా పనికొస్తావు."

రెండు చెక్కముక్కల్లో గాడి తొలిచి, మధ్యలో పైపు పెట్టి, దాని మీద మొగుణ్ణి నిలబెట్టింది. పైపు కదల్దు. గొట్టాన్ని పానాతో పట్టి ఎడమకు తిప్పింది. పానాతో పలుపు పేనిన అలవాటు ఎవరికుంది? చెయ్యి చెప్పినట్టు విన్నది. పైపు అడుగు దాకా పోయింది. గీత పెట్టి, నూనె రాసి, నిపుల్ బిగించింది. గీత ఉన్నచోటే ఉంది. రెండో చివర మొదటిసారికే కుదిరింది. సైకిలు పంపుతో గాలి కొట్టి, లోపలున్న రబ్బరు పొట్టు ఊదేసింది.

అంగుళం మాత్రం ఎవరూ తెచ్చివ్వలేదు. పాత పైపు బ్యాటరీ అడుగునుంచి వంకర తిరిగి పోయేది. కొత్తదాన్ని చట్రం వెంట తిన్నగా పోనిచ్చింది, కదలడానికి కాస్త వదులు కూడా దక్కింది. రేకు అంచు గీరుకునేచోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టింది.

"అది రబ్బరే గదా, ఎలుకలు తింటాయే," అన్నాడు పెంచలనరసయ్య.

"తిననీ. అది వాటి వాటా."

ఫిల్టరు మీది చేతిపంపు నొక్కి నొక్కి, బుడగ రాకుండా డీజిల్ వచ్చేదాకా గాలి తీసింది. గురువారం, శుక్రవారం ఖాళీ బండితో తిరిగింది. ఆగలేదు. అయినా ఆమెకు నమ్మకం చాలలేదు.

శనివారం పద్నాలుగు పొట్టేళ్లు ఎక్కినాయి. నారాయణయ్య ముందు సీట్లో, ఇంజను శబ్దానికి చెవి అప్పగించి కూర్చున్నాడు. ఉదయగిరి దాటినాక మొదటి మిట్ట మధ్యలో పోలేరమ్మ బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపేసింది.

"ఏందమ్మే! మళ్లానా?"

"ఆగలా. నేనే ఆపినా."

"పిచ్చి గాని పట్టిందా? సంతకు టైమైతాంటే!"

"ఆగకుండా ఎక్కిస్తే ఈ పొద్దు అదృష్టం బాగుండాదంటావు. గాలి దూరేదుంటే ఇట్ట మిట్ట మీద ఆపినప్పుడే డీజిల్ వెనక్కి జారి దూరాల, మళ్లా బరువుతో ఎక్కేటప్పుడు ఆగిపోవాల. దిగి చూసుకో."

నారాయణయ్య గొణుక్కుంటూ దిగి, బండి కింద చెయ్యి పెట్టి, పైపు పొడుగునా వేళ్లతో తడిమి, వాసన చూసుకున్నాడు. పంచెకు తుడుచుకోవడానికి ఏమీ అంటలేదు. పోలేరమ్మ పది నిమిషాలు బండిని అక్కడే నిలబెట్టింది. వెనక పొట్టేళ్లు కాళ్లతో రేకు కొడుతున్నాయి.

తాళం తిప్పింది. మొదటి తిప్పుకే అందుకుంది. పద్నాలుగు పొట్టేళ్లతో మిట్ట ఎక్కేసింది.

మర్రిపాడు దాటినాక, నారాయణయ్య ఫోను తీసి ఎవరికో చెప్పినాడు:

"దుత్తలూరు బండి వద్దులేరా. చెప్పు ఆ డ్రైవరు యబ్బికి."