మా బావ తిరిగొస్తాడని రాసిచ్చిన వాళ్లు

ఆ రోజుల్లో మా ఆయనతో ఫోనులో మాట్లాడాలంటే ఆయన డాబా ఎక్కాలి, నేను దుప్పట్లో దూరాలి. నేనుండేది ఇంగ్లండులో ఒక చిన్న పట్నంలో, ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సుగా. ఆయనుండేది దుమ్ముగూడెంలో. వాళ్లింట్లో సెల్‌ఫోనుకు సిగ్నల్ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే దొరికేది, అది కూడా అరిచి మాట్లాడితేనే అవతలికి వినపడేంత. నా గదిలోనేమో ఇంకో ఇద్దరు నర్సులు డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉండేవాళ్లు, అందుకని నేను దుప్పటి ముసుగేసుకుని గుసగుసలాడాలి. "తిన్నవా?" అని ఆయన అరిస్తే వీధి వీధంతా వినేది. ("తిన్నదంటనా?" అని కింది నుంచి ఎవరో అడగడం నాకు స్పష్టంగా వినపడేది.) ఊరంతా చెవులు పెట్టుకుని ఉండగా, పక్క మంచాల వాళ్లు నిద్ర చెడిందని విసుక్కుంటూ ఉండగా, పెళ్లయి నిండా రెండేళ్లు కాని మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారు? "ఎట్లున్నవ్?" అనేవాడు. "బాగనే ఉన్న" అనేదాన్ని. ఈలోగా ఫోను కార్డులో డబ్బులు అయిపోయేవి.

ఆయన నాకు మేనబావ. మా నాన్న చెల్లెలి కొడుకు. మాది నేలకొండపల్లి, మా అత్తను దుమ్ముగూడెం ఇచ్చారు. బావకు అక్కడి సెంటర్లో మోటర్ వైండింగ్ షాపు ఉండేది. యాసంగి పంట కాలం వచ్చిందంటే కరెంటు ఓల్టేజీ పడిపోయి రైతుల మోటర్లు ఒకదాని వెంట ఒకటి కాలిపోయేవి, వాటికి కొత్తగా రాగి తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. పని బాగా వచ్చు, చెప్పిన రోజుకు ఇవ్వడం మాత్రం రాదు. పెళ్లయిన కొన్ని నెలలకే నాకు ఇంగ్లండు ఉద్యోగం దొరికింది. "పోయి రా, కాంట్రాక్టు అయిపోతే వస్తవు గదా" అన్నాడు, భద్రాచలం బజారుకు పోయి రమ్మన్నంత తేలిగ్గా.

మొదటి సెలవుకు నేను ఒక గట్టి నిశ్చయంతో ఇంటికి వచ్చాను. ఎండాకాలంలో బావను విజిటర్ వీసా మీద నా దగ్గరికి తీసుకుపోవాలి. నాతో పనిచేసే కేరళ అమ్మాయిలు తమ మొగుళ్లను అలాగే రప్పించుకున్నారు. ఏమేం కావాలో వాళ్లు నాకు పాఠంలా చెప్పి పంపారు. అన్నిటికన్నా ముఖ్యం, వీడు అక్కడికి పోయి అక్కడే ఉండిపోడు, తప్పకుండా తిరిగొస్తాడు అని వీసా ఆఫీసును నమ్మించడం. ఒకసారి కాదన్నారంటే రెండోసారి మరీ కష్టం. కాంట్రాక్టు అయ్యేదాకా నేను మళ్లీ రాలేను. ఆ దుప్పటి ముసుగులో అంతకాలం ఉండగలనా అన్నది నాకే తెలియదు, ఎవరికీ చెప్పలేదు కూడా. ఇరవై ఆరేళ్ల వయసులో మనిషికి ఎంత దిగులుంటుందో అంత అధికారం చేయబుద్ధవుతుంది కాబోలు, దిగిన మర్నాడే ప్లాస్టిక్ ఫైలు చంకన పెట్టుకుని ఊరి మీద పడ్డాను.

మొదట పోయింది పేరాగ్రాఫ్ సారు దగ్గరికి. ఆయన రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. మంచినీళ్లు అడిగినా ఒక పేరాగ్రాఫంత అడుగుతాడని ఆ పేరు. బావ నడవడిక గురించి నాలుగు ముక్కలు రాసివ్వమంటే రెండు పేజీలు రాశాడు. చదువుతుంటే మొదట గర్వంగానే ఉంది, చివరికి వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. "ఇటువంటి రత్నము మా మారుమూల గ్రామమున మరుగునపడి ఉండుట విచారకరము, కావున తమ దేశము ఇతని సేవలను శాశ్వతముగా వినియోగించుకొనవలెనని నా ప్రార్థన" అని ఆ ఇంగ్లీషుకు అర్థం.

"సార్, శాశ్వతంగా అని రాస్తే కొంప మునుగుతది. ఉండిపోడు, వస్తడు అని రాయాలె" అన్నాను.

"వచ్చుడు ఎందుకమ్మా? ఆ ప్రతిభకు ఈడ ఏమున్నది?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఆయన మనసు కష్టపెట్టలేక ఆ రెండు పేజీలూ ఫైల్లో పెట్టుకుని వచ్చాను, ఫైలు అడుగున.

సర్పంచి, కిరాణా షాపాయన, దర్జీ అంతా అదే వరస. "మంచోడు", "బుద్ధిమంతుడు", "ఎవరి జోలికి పోడు". మంచివాడని తేలింది సరే, మంచివాడు తిరిగొస్తాడని ఎక్కడుంది? ఆ దిగులుతో బావ షాపులో బల్ల మీద కూర్చుని ఉండగా ములకలపల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కోయ పెద్దాయన ఒకాయన, భార్యను వెంటబెట్టుకుని, గుమ్మంలోనే గొంతెత్తాడు.

"నా మోటరు ఏదయ్యా? ఎల్లుండి ఎల్లుండి అంటవు, నీ ఎల్లుండి ఎప్పుడొస్తది? మడి నెర్రెలిచ్చింది."

బావ మోటరు కిందికి తల దూర్చి దేనికోసమో వెతకడం మొదలుపెట్టాడు. (ఎవరన్నా తిట్టడానికి వస్తే ఆయనకు ఎప్పుడూ ఏదో ఒకటి కింద పడిపోయేది.) నాకు మాత్రం బుర్రలో లైటు వెలిగినట్టయింది. లేచి పెద్దాయనకు స్టూలు వేశాను.

"పెద్దయ్యా, ఇప్పుడన్న మాటే కాగితం మీద రాసియ్యరాదా?"

"ఎందుకు బిడ్డా? పోలీసు స్టేషన్ల ఇస్తవా?"

"కాదు. ఇంగ్లండోళ్లకు ఇస్త."

"నా మోటరు సంగతి ఇంగ్లండోళ్లకెందుకు?"

"ఎండాకాలం ఈయన నా దగ్గరికి వస్తడు. వచ్చినోడు మళ్ల ఇంటికి పోడేమో అని వాళ్లకు అనుమానం. నీ మోటర్ల కోసమన్న పోతడని చెప్పాలె."

పెద్దాయన స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "వాళ్లకు అనుమానం సరే. నాకు గుడ గదే అనుమానమైతే?" అన్నాడు. తర్వాత తనే నవ్వి, "రాయి. ఈ మోటరు ఈయన పోయే ముందల ఇయ్యాలె. ఇంకోటి, మృగశిర కార్తెకు ఈడ ఉండాలె. లేకుంటే నేనే ఆడికొచ్చి రెక్క పట్టుకొని తీసుకపోత. గది గుడ రాయి" అన్నాడు. భార్య ఆయనతో వాళ్ల భాషలో ఏదో అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏమందని అడిగాను. "నేను ఆడికి పోతే మళ్ల నాకు గిట్లనే కాగితాలు కావాలె గదా, ఎవరు రాస్తరు అంటంది" అన్నాడు.

ఆయన చెప్పినట్టే రాశాను, వేలిముద్ర వేయించుకున్నాను. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. షాపు ముందు కుర్చీ వేసుకుని, మొగుడి మీద ఫిర్యాదులు ఏరుకున్నాను. మోటరు స్టార్టరు రిపేరుకిచ్చి నెలైందని ఒకరు, మిర్చి తోటకు నీళ్లు పెట్టనీయకుండా తిప్పుతున్నాడని ఒకరు, ఇంకెవరూ ఇంత బాగా చుట్టరు కాబట్టి చచ్చినట్టు ఇతని కోసమే ఆగాల్సి వస్తోందని ఒకరు. తిట్టు ఎంత ఘాటుగా ఉంటే నాకంత సంబరం. పేరాగ్రాఫ్ సారే వాటిని ఇంగ్లీషులోకి మార్చి పెట్టాడు, ముక్కు చిట్లిస్తూనే.

"నన్ను పెద్దమనిషిని చేస్తవనుకుంటే దొంగను చేస్తున్నవేందే?" అని బావ మొహం ముడుచుకున్నాడు. మా అత్త మాత్రం, "మేనకోడలా, నావి గుడ రాసుకో. వీని మీద చెప్పనీకి నాకు చాన ఉన్నయి" అని చాప వేసుకుని కూర్చుంది.

ఇక మిగిలింది నా ఉత్తరం. భర్తను పిలుస్తున్న భార్యగా, మేమిద్దరం ఎలా కలిశామో, ఎందుకు రమ్మంటున్నానో నేను రాయాలి. కష్టమెందుకని కేరళ స్నేహితురాలు తను రాసిన ఉత్తరం నేను బయల్దేరేటప్పుడే ఇచ్చింది, పేర్లు మార్చి దించేశాను. మధ్యాహ్నం కరెంటు పోయి షాపంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, "ఏం రాసినవో తెలుగుల చెప్పు" అన్నాడు బావ. చెప్పడం మొదలుపెట్టాను. రెండో పేరాలో ఆగిపోయాను.

"ఏమైంది?"

"బావా, నువ్వూ నేనూ చర్చిల పాటలు పాడుకుంట కలిసినమంట."

"నేను పాడితే ఆ చర్చిల ఎవరన్న మిగులుతరా?"

ఇద్దరం కడుపులు పట్టుకుని నవ్వాం. ఆ కాగితం చింపేశాను. "సరే, మొదటిసారి ఎప్పుడు కలిసినం, చెప్పు" అన్నాను. ఆయన తడుముకోకుండా, "నిన్ను ఉయ్యాలల ఏసిన నాడు. నాకు నాలుగేండ్లు. నల్లగున్నది అన్న. మా అమ్మ నా చెంప పగలగొట్టింది" అన్నాడు. ఇంగ్లండు వాళ్లకు అది ఎలా రాయాలో తెలియక, పుట్టినప్పటి నుంచీ ఎరుగుదుము అని రాశాను.

"మరి ఎందుకొస్తున్నడు అని రాసినవ్?"

"దేశం చూసేటందుకు. కోటలు, మ్యూజియంలు."

"నాకెందుకే కోటలు" అన్నాడు. చేతిలోని రాగి తీగ చుట్ట పక్కన పెట్టాడు. ఆయన సాధారణంగా పని పక్కన పెట్టి మాట్లాడే మనిషి కాదు. "ఫోన్ల బాగనే ఉన్న అంటవు. ఒక్కోసారి యెంబడే అంటవు. ఒక్కోసారి జర ఆగి అంటవు. ఆ ఆగినప్పుడు నువ్వు ఏడ కూసున్నవో, దేని దిక్కు చూస్తున్నవో నాకు తెల్వదు. నీ రూంకు కిటికీ ఉన్నదో లేదో గుడ తెల్వదు. ఒక్కసారి చూసొస్తే, తర్వాత నువ్వు ఆగినా నాకు సమజైతది. గది రాయి."

చేతికి గ్రీజు అంటిందని చెప్పి నేను షాపు వెనక్కి పోయి చాలాసేపు చేతులు కడుక్కున్నాను. తిరిగొచ్చి రాయబోతే నా ఇంగ్లీషు సరిపోలేదు. జ్వరం ఎంతుందో, మందు ఎప్పుడు వేయాలో చెప్పడానికి పనికొచ్చే ఇంగ్లీషు అది. పేరాగ్రాఫ్ సారును అడిగితే పేజీలు నింపేవాడే, కానీ ఆ మాట ఆయన చేతికి ఇవ్వాలనిపించలేదు. చివరికి, "నేను ఉండే గదిని నా భర్త ఒకసారి చూడాలనుకుంటున్నాడు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను.

హైదరాబాదు పోయి దరఖాస్తు ఇచ్చి వచ్చాం. కౌంటర్లో అమ్మాయి వేలిముద్రల కాగితాలు తిరగేస్తూ రెండుసార్లు తలెత్తి మా బావను చూసింది. నేను వివరించబోతే, అక్కర్లేదని చెయ్యి ఊపింది. ఏ సంగతీ తెలియకుండానే సెలవు అయిపోయి నేను ఇంగ్లండు వెళ్లిపోయాను. ఏ ఉత్తరం పని చేసిందో, అసలు ఎవరన్నా చదివారో లేదో ఈనాటికీ తెలియదు. ఒక సాయంత్రం ఫోను మోగింది. "వచ్చిందే! వీసా వచ్చింది!" అని బావ డాబా మీంచి అరిచిన అరుపు నా దుప్పటి దాటి పక్క మంచాల వాళ్లకు కూడా వినపడింది. వెనక నుంచి మా అత్త, "స్వెటర్లు కొనాలె!" అంటోంది.

ఆ తర్వాత సంగతులు మామూలే. ఆయన వచ్చాడు, ఎండాకాలంలో కొన్ని వారాలు నాతో ఉన్నాడు, చెప్పిన తేదీకి విమానమెక్కి పోయాడు. (జీవితంలో ఆయన చెప్పిన రోజుకు చేసిన పని అదొక్కటే అంటుంది మా అత్త.) కాంట్రాక్టు అయిపోగానే నేనూ వచ్చేశాను. ఇప్పుడు ఖమ్మంలో ఉద్యోగం, పిల్లల చదువులు, రోజూ ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి పనుల్లో వాళ్లం. ఇవన్నీ కలగాపులగంగా గుర్తున్నాయి. చెక్కుచెదరకుండా గుర్తున్నది మాత్రం ఆయన దిగిన రోజు.

ఎయిర్‌పోర్టులో వచ్చేవాళ్లకు అడ్డంగా కట్టిన కడ్డీల ఇవతల నిలబడ్డాను. చుట్టూ అందరూ ఒకరినొకరు గట్టిగా కావలించుకుంటున్నారు. ఒకదాని మీద ఒకటి రెండు స్వెటర్లు, పైన మంకీ క్యాపు, ఆ ఎండాకాలంలో చెమటలు కక్కుకుంటూ మా బావ బయటికి వచ్చాడు. నా ముందుకొచ్చి ఆగాడు. మా మధ్య సామాన్ల బండి. అది అడ్డం లేకపోయినా మేం అంతమందిలో ఏం చేసేవాళ్లం కాదు. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, "బక్కగైనవ్" అన్నాడు. నా కళ్లు చూసి ఆయన కంగారుపడి, "నడువ్, నడువ్" అని బండి తిప్పి గబగబా నడవసాగాడు, బస్సులున్న వైపు కాదు, సరిగ్గా దానికి ఎదురు వైపు.

అటు కాదని చెప్పాలి. చెప్పాలంటే ముందుకు పోయి ఆయనకు నా మొహం చూపించాలి. అందుకని ఏమీ అనకుండా వెనకే నడిచాను. ఆయనా వెనక్కి తిరగలేదు, ఎందుకో నేను అడగలేదు. ఆ పొడుగాటి హాలులో ఆ మంకీ క్యాపు మనిషి, వెనకాల ముక్కు తుడుచుకుంటూ ఆ బక్క పిల్ల, ఎటు పోతున్నారో తెలియకుండా అలా ఎంత దూరం పోయారో! ఇన్నేళ్ల తర్వాత వాళ్లు కళ్ల ముందు మెదిలినప్పుడల్లా నవ్వొస్తుంది. దారి తప్పారు, వెనక్కి రండి అని మాత్రం పిలవబుద్ధి కాదు. ఇంకాసేపు అలాగే నడవనీ అనిపిస్తుంది.