చెవిలో ఉన్న సారు

బయటి ఎండను కూడా ఆఫీసు అద్దాల వెనక, ఏసీలో కూర్చుని చూసి పాపం అనుకునే రోజులవి. నా గడ్డంలో అప్పటికి ఒక్క తెల్ల వెంట్రుక లేదు (కనిపించినవి పీకేసేవాణ్ణి). హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం, అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతకడం. ఆ రోజుల్లో మా ఫ్లోర్ మొత్తానికీ ఆన్‌లైన్ చదువుల పిచ్చి పట్టింది. అందరూ కొత్త కొత్త కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటే నేను మాత్రం చరిత్రలో ఎం.ఏ.కి కట్టాను. ఎందుకని అడిగినవాళ్లకు మనిషి మూలాలు తెలుసుకోవాలని చెప్పేవాణ్ణి. అసలు కారణం, అందులో లెక్కలుండవు. గిటారు, ఫ్రెంచి అప్పటికే మధ్యలో వదిలేసిన ఘనుణ్ణి కాబట్టి మా ఆవిడ మొదటిరోజే తేల్చేసింది. "ఇది గూడా సగంలో ఇడిసిపెడితే ఇంగ ఈ ఇంట్లో కోర్సు అనే మాట ఇనపడకూడదబ్బా. చెప్తాండా." మాది కడప వైపు. అక్కడి ఆడవాళ్లు చెప్తాండా అన్నారంటే ఇక మాట్లాడేదేమీ లేదని అర్థం.

ఒక చెవిలో ఆఫీసు మీటింగు, ఇంకో చెవిలో క్లాసు పెట్టుకుని రెండేళ్లు నెట్టుకొచ్చాను. చివర్లో ప్రాజెక్టు వచ్చింది. మీరుండే చోటి గతాన్ని అక్కడి పాతకాలపు మనిషి నోట విని, ఉన్నదున్నట్టు రాయాలి. అందులో పాసైతేనే డిగ్రీ. మణికొండలో మా అపార్ట్‌మెంట్ జనమంతా నిన్నా మొన్నా దిగినవాళ్లే. పాతకాలపు మనిషిని ఎక్కడని వెతకను? వెతకడం కంటే తయారు చేసుకోవడం సులువనిపించింది. తొంభై రెండేళ్ల ముసలమ్మను పుట్టించాను. ఆమె చిన్నప్పుడు మా ఆఫీసు ఉన్నచోటనే బండల మీద మేకలు కాసేదట. ఒకనాడు చిరుతపులి వస్తే కొంగుతో దాని మూతి కట్టేసి ఊళ్లోకి నడిపించుకొచ్చిందట. రాస్తూ రాస్తూ నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

వారం తిరక్కుండా మేడం నుంచి మెయిల్ వచ్చింది. మేడం అంటే మా ప్రాజెక్టులు దిద్దే గోదావరి జిల్లా ప్రొఫెసరమ్మ. ప్రాజెక్టు అద్భుతంగా ఉందనీ, వచ్చే శనివారం వీడియోలో వైవా అనీ, ఆ పెద్దావిడను తప్పకుండా కూర్చోబెట్టాలనీ, స్వయంగా మాట్లాడాలని ఉబలాటంగా ఉందనీ రాశారు. మా ఆవిడకు చూపిస్తే ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే అంది. "పులిని గూడా రమ్మనిందా?"

మా వాచ్‌మన్ తల్లి గుర్తొచ్చింది. పాలమూరు వైపు మనిషి, మహా అయితే అరవై ఐదుంటాయి. అందరం అవ్వా అని పిలిచేవాళ్లం. సంగతి చెప్పి, చెవిలో నేను జవాబులు అందిస్తాను, నువ్వు పలికితే చాలన్నాను.

"అబద్ధం ఆడుడు నాకు రాదు బిడ్డా. కని చెవుల నువ్వు చెప్తుంటే, చెప్పింది చెప్పినట్టు అంట. అది అబద్ధం నీదైతది, నాది గాదు."

"అంతే అవ్వా. నీకు ఏ పాపమూ అంటదు."

"మరి తొంభై రెండని ఎందుకు రాసినవ్? నాకు పండ్లన్నీ ఉన్నయి."

టెస్టింగ్ చేసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? నలభై ప్రశ్నలు రాసి, క్లయింటుకు డెమో ఇచ్చే ముందు చేసినట్టు మూడు రోజులు రిహార్సల్ చేయించాను. అవ్వ చెవిలో ఇయర్‌బడ్, దాని మీద కొంగు, ఒళ్లో మా ఆవిడ పాత ఫోను. వంటింట్లోంచి నేను ఫోన్లో జవాబు అందిస్తే, ఆమె గదిలో తడుముకోకుండా అప్పజెప్పేది. నలభైకి నలభై పాస్. ఒక్కటే మరిచిపోయాను. రిహార్సల్లో ప్రశ్న నాదే, జవాబూ నాదే. రెండు గొంతులు ఒకేసారి వినిపిస్తే ఏమవుతుందో చూడనేలేదు.

శనివారం పొద్దున మేడం స్క్రీన్ మీద ప్రత్యక్షమయ్యారు. నన్ను పది నిమిషాలు అడిగి, "ఇప్పుడు మీరు బయటికి వెళ్లండి, అమ్మగారితో విడిగా మాట్లాడతాను" అన్నారు. ఇలా అంటారని ముందే ఊహించినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ వంటింట్లోకి నడిచాను. అక్కడ మా ఆవిడ టిఫినుకు బొరుగుల ఉగ్గాని కలుపుతోంది.

"అమ్మా, ఆ చిరుత వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పండి" అన్నారు మేడం.

"పొద్దున్నే మేకలు తోలుకుని పోయిన అని చెప్పు అవ్వా" అని గుసగుసలాడాను.

"మేకలా? మాకు మేకలెక్కడియి బిడ్డా, ఉన్నదే ఒక్క బర్రె" అంది అవ్వ, మంచి గట్టిగా.

"ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?"

"చెవుల ఉన్న సారుతోని. జర ఆగు మేడం, ఆయన చెప్పుడయినంక నీకు చెప్త."

మా ఆవిడ గరిటె అక్కడే వదిలేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గదిలోంచి మేడం గొంతు చాలా మర్యాదగా వినిపించింది. "ఆ సారుగారిని చెవిలోంచి దిగి, వచ్చి ఇక్కడ కూర్చోమనండి."

వెళ్లి కూర్చున్నాను. తల ఎత్తలేదు. రెండేళ్ల చదువు, మా ఆవిడ దగ్గర మిగిలిన కాస్త పరువు, రెండూ కలిసి వెళ్లిపోతున్నాయని అర్థమైంది. నా తరఫున అవ్వే వాదించింది. "సారు మంచోడే మేడం. ఊకె కూసోని కూసోని గిట్ల అయిండు."

మేడం నవ్వారో లేదో నేను చూడలేదు. "అమ్మా, ఆయన సంగతి తర్వాత. మీరు ఇక్కడికి ఎప్పుడొచ్చారండి?" అన్నారు. అంతే, అవ్వ మొదలుపెట్టింది. పెనిమిటితో కలిసి రాళ్లు కొట్టనీకి వచ్చిందట. ఎంత కొట్టినా కదలని ఒక బండకు కూలోళ్లంతా అత్త అని పేరు పెట్టారట. అది పగిలిన రోజు అందరూ ఎగిరి గంతులేసి, సాయంత్రానికి ఎందుకో ఎవరూ సరిగా అన్నం తినలేదట. "ఆ అత్తను తీసినకాడనే ఇప్పుడు సారు ఆఫీసు. ఐదో అంతస్తు దాంక సిమెంటు మోసిన. అద్దాలు పెట్టినంక లోపలికి రానియ్యలే." మేడం ఇంకేమీ అడగకుండా ముప్పావు గంట వింటూ కూర్చున్నారు. అవ్వతో ఇన్నాళ్లుగా నేను లిఫ్ట్ దగ్గర మాట్లాడింది కరెంటు ఎప్పుడొస్తుందనే.

చివరికి తీర్పు చెప్పారు. ప్రాజెక్టు ఫెయిల్. ఒక నెల గడువు. అవ్వ చెప్పింది మాత్రమే రాయాలి, నా మాట ఒక్కటి కూడా కలపకూడదు. నాలాంటివాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రోజూ సాయంత్రం ఆమె ఎదుట కూర్చున్నాను. ఒకచోట చెయ్యి ఆగక చిన్న నక్కను కలిపాను. చదివి వినిపిస్తుంటే పట్టేసింది. "నక్క యాడికెళ్లి వచ్చింది బిడ్డా? కొట్టెయ్."

ఫలితాలు వచ్చాయి. సెకండ్ క్లాసులో, గోడ అంచు పట్టుకుని వేలాడినట్టు పాసయ్యాను. మా ఆవిడ నమ్మక రెండుసార్లు చూసుకుంది. కిందికెళ్లి అవ్వకు చెబితే ఆమె వెంటనే అడిగింది. "మరి నేను గూడ పాసైననా?"

"అయినావు అవ్వా. నీకు ఫస్ట్ క్లాసు. నాకే సెకండ్ క్లాసు."

ఆ సాయంత్రానికల్లా అన్ని అంతస్తుల్లోనూ అవ్వ ఫస్ట్ క్లాసు సంగతి తెలిసిపోయింది. సారును మించిపోయినానని మెట్ల మీద దొరికినవాళ్లందరికీ చెప్పింది. నేను సరిదిద్దలేదు. ఇప్పుడు నా గడ్డంలో పీకడానికి నల్లవే తక్కువ. అవ్వ కొడుకుతో పాటు ఊరికి వెళ్లిపోయి చాన్నాళ్లయింది. ఆ రోజు మెట్ల దగ్గర నిలబడి, ఉన్నది ఉన్నట్టే చెప్పానో మళ్లీ కథ అల్లానో తెలియక బుర్ర గోక్కున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాణ్ణి అడిగినా చెప్పలేడు. నేనూ ఇంకా తేల్చుకోలేదు.