మేడ్చల్ హోటల్లో మూల బల్ల

విమానాలు ఇంకా బేగంపేట నుంచే ఎగిరే రోజులు. నిజామాబాద్‌లో పని ముగించుకుని విశాఖ తిరిగి వెళుతున్నాను. విమానాశ్రయంలో ఎండిపోయిన శాండ్‌విచ్ నాకు సహించదు. అందుకే మేడ్చల్ దగ్గర రోడ్డు పక్కన కొత్తగా కట్టిన హోటల్ ముందు కారు ఆపించాను.

మధ్యాహ్నం వేళ, లోపల ఒకటే రద్దీ. మూల బల్ల దగ్గర ఒక పెద్దాయన ఎదురుగా మాత్రమే ఖాళీ ఉంది. తెల్ల ధోవతి, తలకు రుమాలు. మటన్ కూర కలిపిన మొదటి ముద్దను ఆయన వంగి నేల మీద పెట్టాడు. చెయ్యి జారిందనుకుని, "తుడవమని చెప్పనా అండీ?" అన్నాను.

"పడలే సార్. మా నాయినకు పెట్టిన. ఇయ్యాల పెత్రమాస గద."

పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. కానీ హోటల్లోనా?

"గిదంత మా చెలకనే ఉండె. అమ్ముకున్నం. నాయినను గీ మూలకే బొంద పెట్టినం. ఏటా మా ఆమె వండితే ఈడికి తెచ్చి పెట్టెటోణ్ణి. ఇప్పుడు బయటి బువ్వ లోపటికి తేనియ్యరు. గందుకే ఈడ్నే కొని పెడుతున్న. మసాల ఎక్కువేస్తరు, నాయినకు పడది."

బల్ల కింద చాపుకున్న కాళ్లను, బూట్లు చప్పుడు కాకుండా వెనక్కి లాక్కున్నాను. ఆయన గమనించాడు.

"ఏం గాదు, తినుర్రి సార్," అన్నాడు. "రోజు అందరు తొక్కుతనే ఉంటరు."