థ్రెడ్లు ఆగాయి, నేనూ ఆగాను

మొన్న నా తెలివి ఒక మనిషి ప్రాణాల మీదకి తెచ్చింది. నవ్వుతారని తెలుసు, అయినా చెబుతా.

మా నర్సీపట్నంలో రక్తదాతల కోసం నేనో ప్రోగ్రాం రాసిపెట్టాను. ఏ గ్రూపు రక్తం కావాలంటే ఆ గ్రూపు వాళ్లందరికీ అదే ఫోన్లు చేస్తుంది. ఒక్కో దాతకి ఒక్కో థ్రెడ్, అంటే ప్రోగ్రాంలో విడిగా నడిచే ఒక్కో పని! అందరికీ ఒకేసారి వెళ్లిపోతుందని ఊరంతా డప్పు కొట్టుకున్నాను.

మొన్న రోలుగుంట నుంచి ఒకావిడని మా ఊరి ఆస్పత్రికి తీసుకొచ్చారు. కాన్పయ్యాక రక్తం ఆగట్లేదు. ఓ నెగటివ్ కావాలి, ఆస్పత్రిలో లేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తి బటన్ నొక్కాను. ఒక్కరూ పలకలేదు!

ఆవిడ భర్త నా పక్కనే నిలబడి అడుగుతున్నాడు. "ఎవులైనా వస్తన్నారా బాబూ?"

"వస్తారండీ, ప్రోగ్రాం నడుస్తోంది."

ఎక్కడ నడుస్తోంది! తెరిచి చూస్తే సంగతి ఇదీ.

మనం ప్రోగ్రాంలో పుట్టించే ఈ తేలిక థ్రెడ్లు ప్రయాణికులనుకోండి. వాటిని నిజంగా మోసేవి ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్లు, అంటే షేర్ ఆటోలు. నా పాత ల్యాప్‌టాప్‌లో వాటికి దొరికినవి రెండే. అవతలివాళ్లు ఎత్తేదాకా ఎదురుచూడాల్సిన థ్రెడ్ దిగిపోయి ఇంకోదానికి చోటివ్వాలి. నేను వాడిన ఫోన్ కోడ్ దాన్ని దిగనివ్వదు. మొదటి ఇద్దరు దాతలేమో కొయ్యూరు కొండల్లో ఉన్నారు. అక్కడ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కదా, దొరికేదాకా మళ్లీ మళ్లీ చెయ్యమని రాసింది ఈ మహానుభావుడే! రెండు ఆటోలూ వాళ్ల కోసమే ఆగిపోయాయి. మిగతా అందరూ స్టాండులోనే.

చెమటలు కక్కుతూ కోడ్ మార్చడం మొదలుపెట్టాను. చేత్తో ఫోన్లు చేద్దామని కూడా తట్టలేదు, ప్రోగ్రామర్ బుద్ధి! కంగారులో ఒక్క లైనూ సరిగ్గా పడట్లేదు. లోపల ఆవిడ మూలుగు వినిపిస్తోంది. అంతలో మా ఆవిడ ఫోన్, భోజనానికి రాలేదేమని. సంగతి చెప్పాను.

"ఏ గ్రూపు కావాలంటండీ?"

"ఓ నెగటివ్."

"మీదీ అదే కదండీ! అక్కడ కూకుని ఏటి సేస్తన్నారు? బేగి ఎళ్లండి!"

నిజమే. నా పేరూ ఆ దాతల్లో ఉంది. నా ఫోనుకి వంతు రాలేదంతే.

నాకు పరీక్ష చేసి, పడుకోబెట్టి రక్తం తీశారు. ఆవిడ బతికింది లెండి. నా చేతికి సూది ఉండగానే, ఆ భర్త వచ్చి దండం పెడుతుంటే సిగ్గుతో చచ్చాను. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. కొయ్యూరు దాత ఎవరో సిగ్నల్లోకొచ్చి ఆటో ఖాళీ చేసినట్టున్నాడు. ఎత్తితే నేను రికార్డు చేసిపెట్టిన నా గొంతే! "నమస్కారమండీ, అర్జెంటుగా రక్తం కావాలి. ఇవ్వగలిగితే ఒకటి నొక్కండి."

రెండో చేత్తో నొక్కాను.