మామ బిగించిన నట్టు

మా మామ పోయారన్న కబురు వచ్చేసరికి నేను తాండూరులో నా షెడ్డులో ఒక ఇంటి గేటుకు వెల్డింగ్ చేస్తున్నాను. ఫోన్ చేసింది నా భార్య. ఆయనకు ఒక్కగానొక్క బిడ్డ తను. తండ్రికి జ్వరమని తెలిసి ముందు రోజే యాలాల్ పక్కనున్న పుట్టింటికి వెళ్లింది. "బాపు పోయిండు," అంది. వెంటనే, "గొర్లింకా దొడ్లనే ఉన్నయి. నువ్వొచ్చి మందను ఇడువాలె," అంది. ఆ ఇంట్లో ఏడవాలన్నా ముందు గొర్రెల సంగతి చూసుకోవాలి. నేను వెళ్లి దొడ్డి తలుపు తీశాను. ఆ తర్వాతే ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండకపోవచ్చు. పేరు మోసిన మనిషి కాదు. తాతల నాటి నుంచి మంద ఉన్న ఇల్లు వారిది. ఆయన మాత్రం వయసులో ఉండగా ఫౌజులో చేరి, బండ్లు బాగుచేసే పని చేసి, పింఛను మీద ఊరికి తిరిగొచ్చి మళ్లీ అదే మంద వెనక నడిచారు. కొన్నాళ్లకు వేలంలో ఒక పాత మిలిట్రీ ట్రక్కు కొన్నారు. సిపాయిలు ఎక్కిన బండి మీదికి నీళ్ల డ్రమ్ములు, ఈనిన గొర్రెలు, ఇంకా నడక రాని పిల్లలు ఎక్కాయి. వికారాబాద్ వైపు వెళ్తూ ధారూర్ దగ్గర రైలు గేటు పడితే, ఆగిన జనమంతా ఆ బండినే చూసేవారు. ఆకుపచ్చ మిలిట్రీ బండి వెనక చెక్క మీంచి గొర్రెపిల్లలు తలలు బయటపెట్టి అరుస్తుంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. మామకూ వచ్చేది.

నేను వెల్డర్ని. నాపరాళ్లు కోసే మిషన్లున్న ఊళ్లో వెల్డర్‌కు పనికి కొదవ లేదు. విరిగింది వస్తుంది, అతికిస్తాను, పోతుంది. ఎంత తొందరగా అతికిస్తే అంత మంచి పేరు. మామకు మాత్రం నా పనంటే ఎప్పుడూ పరాచికమే. "మా అల్లుని చేతికిస్తే తలుపును గూడ గోడకు అతికిస్తడు," అని పెళ్లిలో మా వాళ్లందరి ముందే అన్నారు. నాకు కోపం తొందరగానే వస్తుంది, పోవడానికే టైం పడుతుంది. ఆ మాట మీది కోపం పోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ఆయన పని చేసే తీరు చూస్తే నాలాంటి తొందర మనిషికి ఒళ్లు మండేది. చిరిగిన గొంగడి ముక్క ఒకటి పరిచి, దాని మీద పానాలు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చేవారు. విప్పిన ప్రతి నట్టునూ గ్యాసునూనెలో కడిగి, విప్పిన వరుసలోనే ఆరబెట్టేవారు. మధ్యలో సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. తిరిగి బిగించాక, నట్టు మీంచి దాని పక్కనున్న ఇనుము మీదికి ఒక ఎర్ర గీత గీసేవారు. మన గొర్రెలు వేరే మందలో కలిసిపోతే గుర్తుపట్టడానికి వీపు మీద పెడతారే, ఆ రంగే. రోజూ పొద్దున బండి తీసే ముందు బానెట్ ఎత్తి ఆ గీతలన్నీ చూసుకునేవారు. గీత తెగి రెండు ముక్కలు పక్కకు జరిగాయంటే నట్టు కదిలినట్టు లెక్క.

ఒక్క నట్టు మీద గీత లేకపోయింది. రెండేళ్ల కింద ఎండలు ముదిరిన రోజులవి. మంద కర్ణాటక సరిహద్దు పక్కన ఒక రైతు చేనులో ఉంది. ఎరువు కోసం రైతులు చేలల్లో మందను పడుకోబెట్టించుకోవడం మా వైపు మామూలే. పక్క వాగు ఎండిపోయింది కాబట్టి మంద దగ్గర సాయంగా నా భార్య ఉంటే, మామ తాండూరు నుంచి డ్రమ్ముల్లో నీళ్లు మోస్తున్నారు. ఆ రోజు నీళ్లు నింపుకుని ఊరు దాటకముందే బెల్టు కీచుమని అరవడం, డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగడం, ఇంజన్ కుతకుత ఉడకడం అన్నీ ఒకదాని వెనక ఒకటి మొదలయ్యాయి. ట్రాక్టరుతో లాగించుకుని నా షెడ్డుకే తెచ్చారు.

బానెట్ ఎత్తాం. బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్‌ను మా దగ్గర ఇప్పటికీ డైనమో అనే అంటారు. దాని ముందున్న పుల్లీ చక్రాన్ని తిప్పే బెల్టే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. ఆ పుల్లీని పట్టుకుని కదిపితే పిల్లల పాలపన్నులా ఊగింది. నట్టు వదులై, పుల్లీ జారకుండా లోపల ఉండే చిన్న ఇనుప చీల తెగిపోయింది. ఇక పుల్లీ ఇష్టమొచ్చినట్టు తిరిగి తనను మోసే ఇరుసును, అంటే షాఫ్ట్‌ను, కొరికేసింది. వేలు పెడితే పల్లం తగిలింది. "కొత్త బెల్టేసినప్పుడు నేనే బిగించిన. రంగు డబ్బ మంద కాడ మర్సిన. రేపు గీద్దామనుకున్న," అన్నారు మామ, తనలో తను చెప్పుకుంటున్నట్టు.

నాకైతే మందు కళ్ల ముందే ఉంది. "మామా, పుల్లీని షాఫ్ట్‌కు నాలుగు దిక్కుల వెల్డింగ్ టాకాలేస్త. గంటల మంద కాడ ఉంటవు," అన్నాను. అప్పుడే నా భార్య ఫోన్. డ్రమ్ములు ఎండాయని, గొర్రెలు నీడకు కూడా నిలబడటం లేదని అంది. కూతురి గొంతు వింటే మెత్తబడతారని ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన అంతా విని, "బిడ్డా, నీళ్లు ట్రాలీ ఆటోల పంపుతున్న. అది చేన్లకు రాదు. జర మందను రోడ్డు కాడికి తోలుకరా. బండి రేపొస్తది," అన్నారు.

డ్రమ్ములు ఆటోలోకి ఎక్కిస్తూ నేను సణుగుతూనే ఉన్నాను. "గొర్లు ఎండల మాడుతుంటే గీ పట్టింపేంది మామా. అతికిస్తే నడవదా?"

"నడుస్తది అల్లుడా. రేపు లోపల బేరింగ్ పోతే ఎట్ల విప్పుతవ్?"

"అప్పటి సంగతి అప్పుడు."

"అప్పుడు నేనుంటనో లేనో. ఎవలో ఒగలు విప్పాలె గద."

ఆటో వెళ్లిపోయాక, ఎందుకంత మొండిపట్టో చెప్పారు. ఫౌజులో ఉండగా ఒక మంచు కొండల రోడ్డు మీద ఇలాంటి బండే ఆగిపోయిందట. అంతకుముందు ఎవరో పుల్లీని షాఫ్ట్‌కు వెల్డింగ్ చేసి ఉన్నారు. విప్పడానికి లేదు, కోయడానికి మిషన్ లేదు. ఇరుకు రోడ్డు, వెనక బండ్లన్నీ వరుసగా నిలిచిపోయాయి. చేతి రంపంతో కోస్తూ కూర్చున్నారట. "గా ముందటోడు చెడ్డోడు గాదు. తొందరల ఉన్నడు. తొందర ఆయనది, తిప్పలు నాయి," అని నవ్వారు. తర్వాత మా ఇద్దరి మధ్య ఎప్పుడు ఏ పని మీద వాదన వచ్చినా ఆ ఒక్క మాటే అనేవారు.

"మరి నాతోటి ఏం పని? నీ పానాలు నీకున్నయి," అన్నాను ఉక్రోషంగా.

"పనే నీది. అతికియ్యకు, అరిగినకాడ నింపు," అన్నారు.

అరిగిన షాఫ్ట్‌ల మీద ఇనుము నింపడం నాకు తెలియని పని కాదు. కానీ పక్కనే రాగి తీగ చుట్టలున్న అంత సన్నటి షాఫ్ట్ మీద ఎప్పుడూ చేయలేదు. వేడి కాస్త ఎక్కువైతే తీగలు మాడి మొత్తం డైనమోనే పోతుంది. మామ తడి గుడ్డ పిండి షాఫ్ట్ మొదలుకు చుట్టి, దాని మీద వేలు ఆనించి కూర్చున్నారు. నేను ఒక చుక్క వేయడం, ఆయన "జర ఆగు" అని ఒక గుక్క చాయ్ తాగడం. వేలికి వేడి తగ్గాక తల ఊపడం, నేను ఇంకో చుక్క వేయడం. నా జీవితంలో అంత నెమ్మదిగా ఏ పనీ చేయలేదు. చిత్రం, నాకు విసుగు రాలేదు. సాయంత్రానికి పక్క వీధి లేత్ మీద దాన్ని పాత కొలతకు తిప్పించాం. సాగిపోయిన పుల్లీ బెజ్జానికి లోపల గొట్టంలాంటి బుష్ వేయించాం. కొత్త చీలను మామ ఆకురాయితో తనే అరగదీసి కూర్చారు.

తెల్లారి ఇద్దరం బండి తీసుకుని మంద దగ్గరికి వెళ్లాం. నా భార్య ఎదురొచ్చి, "గొర్లు నిన్ననే రోడ్డు మీద తాగినయి. నాకే ఇంకా చాయ్ లేదు," అంది. మామ ముందు రంగు డబ్బా అడిగారు. పుల్లీ నట్టు మీద గీత గీస్తుంటే మధ్యలో చిన్న వంకర పడింది. చేను రైతు వచ్చి బండిలోకి తొంగిచూస్తే, "లోపలి ఇనుము మా అల్లుడు నింపిండు," అన్నారు. అంతే. తలుపు, గోడ మాట మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

మొన్న దినాలు అయ్యాక చుట్టాలు మాకు మంచి చెబుతున్నామనుకునే చెప్పారు. మందను అమ్మేయమన్నారు, బండిని తుక్కుకు వేయమన్నారు. ముసలాయన లేకుండా దాన్ని ఎవరు చూసుకుంటారన్నారు. అందులో తప్పేమీ లేదు. నడపడం నా భార్యకు తండ్రే నేర్పారు కానీ, బాగుచేసే మనిషి పోయాడు. దానికి తోడు ఆ వారం నుంచే డైనమో వైపు గరగరమని చప్పుడు. బండి లేకపోతే ఎండాకాలం మందకు నీళ్లు లేవు. చుట్టాలు వెళ్లాక నా భార్య నాతో, "రేపు విప్పుదాం. షాఫ్ట్ పోయుంటె నేనే అమ్ముత. మంచిగుంటె మంద నాకాడనే ఉంటది," అంది.

గొంగడి ముక్క తనే పరిచింది. పానాలు వరుసగా పెట్టింది. నేను నట్టు మీద పానా వేశాను. మొరాయిస్తే ఏం చేయాలో ఆలోచించుకునే లోపే అది ఒక్క గుంజుకు వదిలింది. పుల్లీని అరచేత్తో తడితే చేతిలోకి వచ్చింది. షాఫ్ట్ తళతళలాడుతోంది. నేను నింపిన చోటు ఎక్కడో నాకే గుర్తు దొరకలేదు. పోయింది లోపలి బేరింగ్ ఒక్కటే, చప్పుడంతా దానిదే. "బేరింగ్ పోతే ఎట్ల విప్పుతవ్," అన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నా భార్య కొంగుతో కళ్లు తుడుచుకుని, "పోయి బేరింగ్ తే," అంది.

కొత్త బేరింగ్ వేసి, పుల్లీ ఎక్కించి, అదే నట్టు పెట్టాను. ఎంత బిగించాలో నాకు తెలియదు. ఎక్కువైతే నట్టు మర పోతుంది, తక్కువైతే మళ్లీ మొదటికొస్తుంది. ఆ లెక్క ఆయన చేతిలో ఉండేది. నా భార్య వంగి చూస్తోంది. ఆ వంకర గీత సగం నట్టు మీద, సగం పుల్లీ మీద అలాగే ఉంది. "ఇంకొంచెం," అంది. తిప్పాను. "ఇంక జర." రెండు ముక్కలూ దగ్గరికి వచ్చాయి.

"ఆగు. బాపు గీత కలిసింది," అంది.

కొత్త గీత గీద్దామని ఆమె తెచ్చిన రంగు డబ్బా మూత ఆ రోజు తీయలేదు. మరునాడు పొద్దున నా భార్య బండి నడుపుకుంటూ యాలాల్ దాటి వెళ్తుంటే రోడ్డు మీద నిలబడి చూశాను. నీళ్ల డ్రమ్ముల మధ్య ఆ వారం పుట్టిన పిల్లలు నిలబడి ఉన్నాయి. బయల్దేరే ముందు ఆమె పెట్టిన ఆ ఎర్ర రంగు వాటి వీపుల మీద ఇంకా ఆరలేదు.