సుడిగాలి తిరిగిన వైపు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో నేను మిడిల్ స్కూలు అయివారిని. కడపలో ట్రైనింగు ముగించుకొని వచ్చి రెండేళ్ళయినా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నాకు తెలియనిది లేదనుకునే వయసు. ఎవరైనా ఎదురు చెబితే ఒళ్ళు మండేది.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు వచ్చి నా క్లాసులో కూర్చున్నాడు. బల్ల మీద గ్లోబు పెట్టి, భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుందనీ, ఆ తిరుగుడు వల్లే బంగాళాఖాతంలో పుట్టే తుఫాను గడియారం ముల్లుకు ఎదురుగా సుడి తిరుగుతుందనీ చెప్పాను. అంతటితో నోరు మూసుకుంటే బాగుండేది. ఇన్‌స్పెక్టరు తల ఊపుతుంటే హుషారెక్కి, "మన చేలల్లో లేచే సుడిగాలి కూడా అంతే, ఎప్పుడూ ఎడమకే" అన్నాను. ఆ మాట పుస్తకంలో లేదు. నేనే కలిపాను.

వెనక వరసలో ఒక అమ్మాయి లేచింది. క్రైస్తవుల పేట నుంచి ఎనిమిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. అమ్మానాన్నలు కూలికి పోతారు, సెలవు రోజుల్లో ఆమె కూడా.

"ల్యాదు అయివారూ, రెండు పక్కలా తిరుగుతాది. సుడిగాలి ఎదురైతే యా పక్కకు తిరుగుతాండాదో చూసి తొలగమని మా అవ్వ చెప్పింది. మొన్న కట్టెలకు పోయినప్పుడు కుడి పక్కకు తిరిగింది, నేను చూసినా."

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. "ఈ పిల్లకు అబద్ధాలాడే అలవాటు సార్" అన్నాను. అలాంటి అలవాటు ఆమెకు లేదు. ఆమెను బయట నిలబెట్టి పాఠం పూర్తి చేశాను. నెల తిరక్కుండానే నా ఉద్యోగం పర్మనెంటు అయింది.

ఇన్‌స్పెక్టరు వచ్చిన మర్నాటి నుంచే ఆ పిల్ల బడికి రాలేదు. పీడా పోయిందనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తర్వాత ఒక మధ్యాహ్నం నందికొట్కూరు నుంచి సైకిలు మీద వస్తుంటే బీడులో సుడిగాలి లేచింది. దిగి చూశాను. ఎండుటాకులు కుడికి తిరుగుతున్నాయి. కాస్త దూరం పోయాక ఇంకోటి, అది ఎడమకు. తుఫానంత పెద్ద గాలినైతే భూమి తిప్పుతుంది గానీ, గుప్పెడు దుమ్ము లేపే గాలి భూమి మాట వినదు. పుట్టేటప్పుడు ఎటు తోస్తే అటే. శుక్రుడు కూడా మిగతా గ్రహాలకు ఎదురు తిరుగుతాడని ఎన్నో ఏళ్ళకు పేపర్లో చదివాను. అప్పటికి దాన్నీ ఎందరు పిల్లలకో తప్పుగానే చెప్పి ఉన్నాను.

సైకిలు నేరుగా పేటకు తిప్పాను. వాళ్ళ నాయన గుడిసె ముందు పలుపు పేనుతున్నాడు. తప్పు నాదేనని చెప్పాను. ఆయన చేతులు ఆగిపోయాయి.

"మీరు అబద్ధమంటిరని కొడితి అయివారూ. కొట్టినా ఒప్పుకోల్యా. తప్పు చేసినోళ్ళు ఆదివారం గుడిలో అందరి ముందర లేసి ఒప్పుకోవాల, అది మా పేట కట్టుబాటు. ఆడ నిలబెడితి. అప్పుడు చెప్పె, అబద్ధమాడినానని."

ఆదివారం నేనూ వచ్చి అక్కడే నిలబడతానన్నాను. అన్నట్టే పోయాను. అందరి ముందూ లేచి నిలబడ్డాను. ఆ పిల్ల చెప్పింది నిజమనీ, అబద్ధమాడింది నేననీ చెప్పాను. పాదిరి గారు ప్రార్థన చేసి అందరినీ పంపించాడు.

బయట చెప్పులు వేసుకుంటూ ఆమెను పిలిచాను. "రేపట్నుంచి బడికి రామ్మా, పరీక్షలకు ఇంకా టైముంది" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు.

"నేను బడిలో చెప్పింది నిజమే అయివారూ. నేనాడింది ఒకటే అబద్ధం. అబద్ధమాడినానని ఈ గుడిలో దేవుని ముందర చెప్పినానే, అదే. మీది మీరు ఒప్పుకుంటిరి. నాది నేను యాడ ఒప్పుకోవాల?"

ఆమె బడికి రాలేదు. ఆ బడిలోనే నేను ఇంకా ఆరేళ్ళు పాఠాలు చెప్పాను.